గుడారానికి చూరు కడదాం!

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపితే ముందు ఒక కవిత రాద్దామనుకున్నాను. మన సంచికలో కవితలకు ఎప్పుడూ కరువు లేదు. నాకంటే బాగా రాసే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. అందుకని నా చేతులతో చేసి, తప్పులు దిద్దుకుని నేర్చుకున్న పని ఒకటి రాస్తున్నాను. తక్కువ ధర గుడారం ఎందుకు తడుస్తుంది, దాని మీద రెండో కప్పును మనమే ఎలా తయారు చేసుకోవచ్చు అన్నదే ఈ వ్యాసం.

"మనకెందుకు గుడారాల గొడవ?" అని కొందరు అనుకోవచ్చు. స్కౌట్ శిబిరాలకు వెళ్లేవాళ్లు, ఎన్.సి.సి.లో ఉన్నవాళ్లు, డిసెంబరులో నర్సీపట్నం మీదుగా లంబసింగి పోయి మంచు చూసి రావాలనుకునేవాళ్లు మనలోనే ఉన్నారు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా మనలాగే సాంఘిక సంక్షేమ శాఖ నీడలో, గురుకుల పాఠశాలల్లో చదువుకున్నవాళ్లే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్ల తొలి శిక్షణ భువనగిరి కొండ మీద జరిగింది. ఆరుబయట రాత్రి గడపడం డబ్బున్నవాళ్ల సరదా మాత్రమే కాదని వాళ్లను చూసి తెలుసుకోవచ్చు. అయితే నేను ఈ పని నేర్చుకున్నది సరదా కోసం కాదు. ఒక ఫైలు తడిసిపోవడం వల్ల.

ఆ రాత్రి సంగతి

ఇంటర్ అయిన తర్వాత మన హాస్టల్ మిత్రులం ముగ్గురం సైన్యం రిక్రూట్‌మెంట్ ర్యాలీకి బయల్దేరాం. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ర్యాలీకి వెళ్లినవాళ్లకు తెలుసు, తెల్లవారుజామున లైనులో నిలబడాలంటే ముందు రోజు రాత్రే అక్కడికి చేరాలి. లాడ్జికి డబ్బులు లేవు. ముగ్గురం తలా కొంత వేసుకుని అన్నిటికంటే చవక గుడారం ఒకటి కొన్నాం. దాని నెత్తిన టోపీ అంత చిన్న గుడ్డ ఒకటి ఉంది. కొట్టువాడు వానకు ఢోకా లేదన్నాడు. నమ్మాం.

రాత్రి పదకొండుకు వాన మొదలైంది. పన్నెండుకు కుట్ల దగ్గర చుక్కలు. ఒంటిగంటకు అడుగున నీళ్లు. ఒకడు తన ఫైలును తలకింద దిండులా పెట్టుకుని పడుకున్నాడు. లేచి చూస్తే స్టడీ సర్టిఫికెట్ మీద పెన్నుతో రాసిన అక్షరాలూ, ఆఫీసు ముద్రా కలిసి నీలిమరక అయిపోయాయి. పొద్దున్న కాగితాలు చూసే బల్ల దగ్గర "ఇది చెల్లదు" అని పక్కకు పంపేశారు. నేను పరుగులో వెనకబడ్డాను. అది నా తప్పు. వాడు మాత్రం పరుగు మొదలయ్యే గీత దాకా కూడా పోలేకపోయాడు.

ఊరికొచ్చాక గుడారాన్ని ఆరబెట్టడానికి మా ఇంటి ముందు నిలబెట్టాను. మా చిన్నాన్న తాటాకు పాకలు కప్పే పనివాడు. గుడారం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏట్రా ఇది, దీనికి సూరేది?" అన్నాడు. నేను రాయబోయేదంతా ఆ ఒక్క మాటకు వివరణే.

నీళ్లు నాలుగు దారుల్లో వస్తాయి

మొదటి దారి, కుట్లు. గుడ్డ మీద నీరు దిగకుండా లోపలివైపు సన్నటి పూత ఉంటుంది. కుట్టినప్పుడు సూది ఆ పూతలో వందల రంధ్రాలు చేస్తుంది. ఖరీదైన గుడారాల్లో ఆ కుట్ల మీద లోపలి నుంచి టేపు అతికిస్తారు. చవక వాటిలో అది ఉండదు, ఉన్నా త్వరగా ఊడిపోతుంది.

రెండో దారి, గుడ్డే. గుడారం సంచి మీద 1000 మి.మీ. అనో 2000 మి.మీ. అనో రాసి ఉంటే, ఆ గుడ్డ మీద అంత ఎత్తు నీటిని నిలబెట్టినా దిగదని అర్థం. గుడ్డ కొత్తగా ఉన్నప్పటి లెక్క అది. ఎండకూ, మడతలకూ, తడిగా మూటగట్టి అటక మీద పడేసినందుకూ పూత జిగటగా మారి పొలుసులుగా రాలిపోతుంది.

మూడో దారి, నేల. వాలుగా ఉన్న చోట పారే నీరు గుడారం అడుగుకు చేరుతుంది. మనం పడుకున్న బరువుకు అడుగు గుడ్డలోంచి పైకి ఉబుకుతుంది.

నాలుగో దారిని చాలామంది గమనించరు. అది మన ఊపిరి. మనిషి రాత్రంతా శ్వాస ద్వారా, చర్మం ద్వారా సుమారు పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాడు. ముగ్గురు పడుకుంటే ముప్పావు లీటరు. ఆ ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి చుక్కలవుతుంది. వాన లేని రోజున కూడా లంబసింగిలో గుడారాలు లోపల తడిసి ఉండడానికి కారణం ఇదే. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, మబ్బు లేని చలికాలపు రాత్రి, ఆకాశం కింద పరిచిన గుడ్డ తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. అప్పుడు బయట మంచూ, లోపల ఊపిరి ఆవిరీ రెండూ దాని మీదే చేరతాయి. గాలిలోని చెమ్మ ఎంత పని చేస్తుందో అనకాపల్లి వాళ్లకు వేరే చెప్పాలా? వానాకాలంలో గోదాములోని బెల్లం దిమ్మ మీద వాన చుక్క పడకపోయినా చెమ్మ పట్టి కారుతుంది కదా!

పాక నేర్పిన పాఠం

తాటాకు పాకను గుర్తు చేసుకోండి. కప్పు నిటారుగా వాలి ఉంటుంది కాబట్టి నీరు నిలవదు, జారిపోతుంది. చూరు గోడకంటే బాగా ముందుకు వచ్చి ఉంటుంది కాబట్టి నీరు గోడకు దూరంగా పడుతుంది. గోడకూ కప్పుకూ మధ్య సందు ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది. వాలు, చూరు, సందు. ఈ మూడూ ఉంటే పాక కారదు.

చవక గుడారంలో ఈ మూడూ లేవు. గోడే కప్పు, కప్పే గోడ. అందుకే దాని మీద కొంచెం ఎడంగా మరో కప్పు వేయాలి. హిమాలయ శిబిరాల్లో వాడే గుడారాల్లో చాలావరకు ఇలా రెండు పొరలవే. పై పొర వానను ఆపుతుంది. లోపలి పొర మనిషిని కాపాడుతుంది. మధ్యలో గాలి ఆవిరిని మోసుకుపోతుంది. లోపలి గుడారం పాతదైనా, కుట్లు ఊడినా పెద్ద నష్టం లేదు, వాన దాని దాకా రాదు కదా.

ఏ గుడ్డ తీసుకోవాలి?

మన కప్పుకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గుడ్డ కావాలి. అంటే 120 చదరపు అడుగులు, సుమారు 11 చదరపు మీటర్లు. జి.ఎస్.ఎం. అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్క. దాన్ని 11తో గుణిస్తే బరువు తెలుస్తుంది.

1. ప్లాస్టిక్ బరకం: ధాన్యం కుప్పల మీద కప్పేదే. 120 జి.ఎస్.ఎం. అయితే 1300 గ్రాముల పైచిలుకు. 12×10 కొలతలో తయారుగా దొరుకుతుంది, అంచుల్లో రింగులు కూడా ఉంటాయి. కుట్టు పని దాదాపు ఉండదు. మొదటిసారి చేసేవాళ్లకు ఇదే మేలు.

2. గొడుగు గుడ్డలాంటి పూత ఉన్న పాలిస్టర్: 70 జి.ఎస్.ఎం. అయితే 800 గ్రాములలోపే. మోయడానికి సుఖం. కానీ వెడల్పు తక్కువ కాబట్టి ముక్కలు కలిపి కుట్టాలి. నైలాన్ కంటే పాలిస్టర్ నయం. నైలాన్ తడిస్తే సాగి వేలాడుతుంది.

3. పాత ఫ్లెక్సీ: సభ అయిపోయాక అడిగితే ఊరికే ఇస్తారు. అయితే 300 జి.ఎస్.ఎం. ఫ్లెక్సీ మూడు కిలోల పైన తూగుతుంది, మడతల దగ్గర పగులుతుంది. మోసుకుపోయే శిబిరానికి పనికిరాదు. ఒకేచోట ఉండేదానికి ఫరవాలేదు.

4. నూలు దుప్పటి: ఏమీ లేనప్పుడు పాత పద్ధతి ఒకటుంది. దుప్పటిని ముందు చిక్కటి సబ్బు నీటిలో నానబెట్టి పిండాలి. తర్వాత పటిక కరిగించిన నీటిలో ముంచి ఆరబెట్టాలి. సబ్బూ పటికా కలిసి నూలు పోగుల్లో నీటిలో కరగని పదార్థం ఏర్పడుతుంది. మంచుకూ చిరుజల్లుకూ ఆగుతుంది, జడివానకు ఆగదు. ఉతికితే మళ్లీ చేసుకోవాలి.

కొలతలు: పదో తరగతి లెక్కే

ఇద్దరు పట్టే మామూలు గుడారం సుమారు ఆరున్నర అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు ఉంటుంది. దాని మీదుగా పొడవునా 5 అడుగుల ఎత్తున ఒక తాడు కడతాం. పాకకు వెన్నుగాడి ఎలాగో, దీనికి ఆ తాడు అలాగ. కప్పు అంచులు నేలకు అడుగు ఎత్తున, మధ్య గీత నుంచి 4 అడుగుల దూరంలో ఉండాలి.

ఇప్పుడు ఒక పక్క గుడ్డ ఎంత కావాలి? తాడు నుంచి అంచు దాకా కిందికి 4 అడుగులు, పక్కకు 4 అడుగులు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 4×4 + 4×4 = 32. దాని వర్గమూలం సుమారు 5.66. అంటే 5 అడుగుల 8 అంగుళాలు. రెండు పక్కలకూ కలిపి 11 అడుగుల 4 అంగుళాలు. మిగిలిన 8 అంగుళాల్లో పక్కకు నాలుగేసి అంగుళాలు అంచు మడతకు. మొత్తం సరిగ్గా 12 అడుగులు!

గుడారం గోడ మధ్య నుంచి రెండున్నర అడుగుల దూరంలో ఉంది, కప్పు అంచు 4 అడుగుల దూరంలో ఉంది. అంటే పక్కకు అడుగున్నర చూరు వచ్చింది. పొడవులో 10 అడుగుల్లోంచి ఆరున్నర పోతే, ముందూ వెనకా పావు తక్కువ రెండేసి అడుగులు. ముందు చూరు కింద చెప్పులు, బకెట్టు పెట్టుకోవచ్చు. మీ గుడారం కొలతలు వేరైతే ఇదే లెక్క మళ్లీ వేయండి. ఎక్కడ కొలిచినా రెండు పొరల మధ్య బెత్తెడు సందు తగ్గకూడదు. రెండూ తగిలిన చోట సందు పోయినట్టే, పై పొర మీది తడి లోపలి పొరకు అంటుకుంటుంది.

కుట్టడం

బరకం తెచ్చుకున్నవాళ్లు దీన్ని వదిలేసి ముందుకు పోవచ్చు. పాలిస్టర్ ముక్కలు కలిపేవాళ్లు జీన్స్ ప్యాంటు పక్క కుట్టును ఒకసారి గమనించండి. రెండు అంచులూ ఒకదానిలో ఒకటి మడిచి, రెండు వరుసలు కుట్టి ఉంటాయి. అలాగే కుట్టాలి. మడత తెరుచుకున్న వైపు కిందికి, అంటే నీరు జారే వైపుకు ఉండాలి. తాటాకును కింది వరస మీద పైవరస వచ్చేలా వేసేది కూడా ఇందుకే. దారం పాలిస్టర్‌దే వాడండి, నూలు దారం చీకిపోతుంది. కుదిరితే మధ్య గీత మీద కుట్టు రాకుండా చూసుకోండి. వాన మొదట పడేది అక్కడే.

కుట్టిన తర్వాత ఆ గీతల మీద సిలికాన్ గొట్టంతో సన్నగా రాసి, వేలితో లోపలికి రుద్ది, ఒక రోజంతా ఆరనివ్వాలి. పూత లేని వైపు రాస్తేనే అది గట్టిగా పట్టుకుంటుంది. వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి ఆరుబయట చేయండి.

తాడు కట్టే చోట్లు పక్కకు మూడు చొప్పున ఆరు కావాలి. రింగు లేకపోతే దిగులు వద్దు. నున్నటి గులకరాయి ఒకటి గుడ్డలో పెట్టి, రాయి కింద మెడ దగ్గర తాడు బిగించి కట్టండి. గుడ్డకు రంధ్రం పడదు. రింగు పీకిపోయినా ఈ ముడి మాత్రం ఊడదు. శారదా నది ఒడ్డున గులకరాళ్లకు డబ్బులు అడిగేవాళ్లు లేరు!

కట్టడం

ముందు చోటు ఎంచుకోండి. చుట్టూ నేలకంటే కాస్త ఎత్తుగా ఉండాలి. వాగు గర్భంలో, ఎండిన కాలువలో, కొబ్బరిచెట్టు కింద వద్దు. గుడారం ఇరుకు వైపు గాలికి ఎదురుగా ఉంచండి.

వెన్ను తాడు రెండు చెట్లకు గానీ, రెండు వెదురు గుంజలకు గానీ కట్టండి. గుంజలైతే ఒక్కోదానికి బయటివైపు రెండేసి తాళ్లు లాగి కట్టాలి. గుంజను నేలలో పాతినంత మాత్రాన సరిపోదు. తాడు బిగువుగా ఉండాలి. మధ్యలో కుంగితే గుడ్డ కుంగుతుంది, గుడ్డ కుంగితే నీరు నిలుస్తుంది. ఆ నీటి బరువు ఎంతో తెలుసా? మన కప్పు నేల మీద 8×10 అడుగుల చోటును కప్పుతుంది. 25 మి.మీ. వాన పడితే దాని మీద సుమారు 185 లీటర్ల నీరు పడుతుంది. పన్నెండు బకెట్లకు పైనే. అందులో నాలుగో వంతు గుడ్డలో నిలిచినా కప్పు కూలుతుంది. జారిన నీటిని బకెట్లో పట్టుకుంటే కాళ్లు కడుక్కోవడానికి పనికొస్తుంది.

మేకును గుడారం నుంచి అవతలికి వాల్చి, 45 డిగ్రీల కోణంలో కొట్టండి. నిటారుగా కొడితే తాడు లాగుడుకు పైకి వచ్చేస్తుంది. వరి మడిలాంటి మెత్తటి నేలలో మేకు నిలవదు. అక్కడ మట్టి నింపిన గోనెసంచికి తాడు కట్టండి.

తాడును ఎప్పటికప్పుడు బిగించుకునే ముడి ఒకటి స్కౌట్లకు తెలిసే ఉంటుంది. మేకు చుట్టూ తిప్పిన తాడు కొసను తీసుకుని, అసలు తాడు చుట్టూ మేకు వైపుకు రెండు చుట్లు వేయాలి. తర్వాత ఆ చుట్లకు ఎగువన అదే దిక్కులో మరో చుట్టు వేసి బిగించాలి. ముడిని చేత్తో జరిపితే జరుగుతుంది, తాడు లాగితే పట్టుకుంటుంది. వాన వచ్చాక ఒకసారి లేచి అన్ని తాళ్లూ బిగించండి.

ఇంకో చిన్న కిటుకు. వాన నీరు వెన్ను తాడు వెంబడే పాకి లోపలికి వస్తుంది. అందుకని కప్పు చివర్ల దగ్గర తాడుకు జానెడు నూలు దారం వేలాడదీయండి. పాకే నీరు ఆ దారం పట్టుకుని అక్కడే కిందికి దిగిపోతుంది.

అడుగున పరిచే పట్టా గుడారం అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే చూరు నీటిని పట్టి మన వీపు కిందికే తెస్తుంది. ఎక్కువైన భాగాన్ని కిందికి మడిచేయండి. చివరగా, కప్పు వేశాం కదా అని గుడారం కిటికీలన్నీ మూయవద్దు. పైన జాలీ ఉంటే తెరిచే ఉంచండి. ఊపిరి ఆవిరి పోవాలంటే దారి ఉండాలి.

ఇంటి దగ్గరే పరీక్ష

శిబిరానికి పోయాక పరీక్షించుకుంటే మాకు జరిగినట్టే జరుగుతుంది. హాస్టల్ ఆవరణలో కట్టి, లోపల పాత వార్తాపత్రికలు పరచండి. పైనుంచి పావుగంట బకెట్లతో, చెంబులతో నీళ్లు పోయండి. పత్రిక మీద తడి మచ్చ ఎక్కడ పడిందో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. మొదటిసారి మేం పరీక్షించినప్పుడు ఏడు మచ్చలు కనిపించాయి, మూడోసారికి ఒక్కటీ లేదు. ఇంటికి వచ్చాక కప్పును పూర్తిగా ఆరబెట్టి మడవండి. ఎండలో రోజుల తరబడి వదిలేయకండి. వాన కంటే ఎండే దాన్ని ఎక్కువ తినేస్తుంది.

ఇవి మాత్రం మరవొద్దు

ఈ కప్పు వానను ఆపుతుంది, తుపానును ఆపదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మన ప్రాంతంలో పక్కా కట్టడాలే దెబ్బతిన్నాయి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున శిబిరం మానుకోండి, సిగ్గుపడే పని కాదు. ఏడు ఖండాల శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు, కోరుకొండ సైనిక్ స్కూలులో చదివిన మన తెలుగువాడు, 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు. అంతటి అనుభవం ఉన్నవారికే కొండ మీద వాతావరణం లొంగదు.

ఉరుము వినపడితే గుడారంలో ఉండకండి, ఒంటరి చెట్టు కిందికి అసలే పోకండి. పక్కా భవనంలోకి గానీ, తలుపులు మూసిన బస్సులోకి గానీ పోవాలి. గుడారం లోపల పొయ్యి, బొగ్గుల కుంపటి, దోమల చుట్ట పెట్టవద్దు. ప్లాస్టిక్ గుడ్డ క్షణాల్లో అంటుకుంటుంది, బొగ్గు వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాగితాలు మాత్రం ఎంత మంచి గుడారంలోనైనా రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, నేలకు తగలకుండా పైన వేలాడదీయండి. జిరాక్సులు వేరే సంచిలో పెట్టుకోండి.

చివరి మాట

మరుసటి ఏడాది మళ్లీ ర్యాలీకి వెళ్లాం. ఈసారి మా చిన్నాన్న దగ్గరుండి కట్టించిన బరకం మా వెంట ఉంది. రాత్రంతా సన్నగా వాన పడుతూనే ఉంది. మా ముందు చూరు కింద ముక్కూ ముఖం తెలియని ఆరుగురు కుర్రాళ్లు తమ ఫైళ్లు గుండెలకు హత్తుకుని కూర్చున్నారు. పొద్దున్న అందరి కాగితాలూ పొడిగా ఉన్నాయి. మావాడు పరుగు గీత దగ్గర నిలబడ్డాడు. పరిగెత్తాడు. ఇప్పుడు సెలవు మీద ఊరొచ్చినప్పుడల్లా వాడు అడిగే మొదటి మాట, "ఆ బరకం ఇంకా ఉందేట్రా?" అని.

ఉంది. రెండు చోట్ల అతుకు పడింది. ఈ వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు దాన్ని తెస్తున్నాను. పాత విద్యార్థులు తలా ఒక బరకం, పది గజాల నైలాన్ తాడు తెస్తే ఒక్క మధ్యాహ్నంలో హాస్టల్‌కు నాలుగు కప్పులు తయారవుతాయి. తమ్ముళ్లూ, మీరు బకెట్లు, పాత పేపర్లు సిద్ధంగా ఉంచండి. చూరు కట్టడం కలిసి నేర్చుకుందాం.

- మీ పూర్వ విద్యార్థి